తుక్కులో దొరికిన 57 నంబరు కారు

ముందు చక్రాల మీద మడ్‌గార్డులు లేవు. అడుగు రేకు తుప్పు తిని జల్లెడ అయింది. ఇంజను బిగుసుకుపోయి తిరగదు. బ్రేకులు పట్టేసి కదలవు. 2014లో జర్మనీ దేశంలోని బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రంలో ఒక పాత కొట్టంలో బయటపడిన ఎర్ర కారు పరిస్థితి ఇది. మన వైపు అయితే అలాంటి దాన్ని తూకానికి వేసి, ముక్కలు కోసి లారీకి ఎత్తేవారు. ఈ కారుకు మాత్రం 1,07,000 యూరోలు పోశారు. అప్పటి మారకం ప్రకారం అది మన డబ్బులో 80 లక్షల రూపాయలకు పైమాటే. కొన్నవారు అంతటితో ఊరుకోక మరో మూడేళ్లు దానితో కుస్తీ పట్టారు. కొన్నది ఎవరో పిచ్చి షోకుల షావుకారు కాదు. 50 ఏళ్ల కిందట ఆ కారును తయారుచేసిన పోర్షె కంపెనీయే దాన్ని తిరిగి కొనుక్కుంది.

తాను అమ్మిన సరుకును, అదీ తుప్పు పట్టిన తర్వాత, తానే అంత ధర పెట్టి కొనుక్కోవలసిన అవసరం ఆ కంపెనీకి ఎందుకు వచ్చింది? ట్రాక్టర్లు, ఆటోలు విప్పి బిగించే మన మెకానిక్కు షెడ్లలో చెప్పుకోదగ్గ కథ ఇది.

తాత, తండ్రి, మనవడు

పోర్షె అన్నది మనిషి పేరు. ఫెర్డినాండ్ పోర్షె 1875లో బొహీమియా ప్రాంతంలో పుట్టిన ఇంజనీరు. లోకమంతా తిరిగిన ఫోక్స్‌వాగన్ బీటిల్ కారుకు రూపం ఇచ్చింది ఆయనే. ఆయన కొడుకు ఫెర్రీ పోర్షె రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1948లో, ఆస్ట్రియాలోని గ్ముండ్ అనే చిన్న ఊళ్లో తమ ఇంటి పేరుతో మొదటి కారు తయారు చేయించారు. దాని పేరు 356. తర్వాత కర్మాగారం జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో భాగమైన జుఫెన్‌హౌజెన్‌కు మారింది. 356 కారు పేరు తెచ్చుకున్నది గానీ పదేళ్లు గడిచేసరికి పాతబడింది. దాని స్థానంలో కొత్తది తేవాలని సంకల్పించారు. ఈసారి రూపం గీసింది మూడో తరం వాడు, ఫెర్రీ పెద్ద కొడుకు ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షె. అప్పటికి ఆయనకు 30 ఏళ్లు కూడా లేవు.

ఆ కొత్త కారును 1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో జనానికి చూపించారు. పేరు 901. ఇంజను వెనక ఉంటుంది. ఆరు సిలిండర్లు నిలువుగా కాక అటు మూడు, ఇటు మూడు పడుకోబెట్టినట్టు ఉంటాయి. కొలత 1991 సీసీలు, శక్తి 130 హార్స్ పవర్. మన పొలాల్లో దున్నే ట్రాక్టరు 40 హార్స్ పవర్ ఉంటే గట్టిదంటాం. అలాంటివి మూడు కలిపినంత శక్తి ఒక టన్ను పైచిలుకు బరువున్న చిన్న కారులో పెట్టారన్నమాట. గంటకు 210 కిలోమీటర్ల వేగం దాని వల్ల వచ్చిందే.

ఈ ఇంజనుకు రేడియేటరు లేదు, నీళ్లు పోయనక్కరలేదు. బుల్లెట్టు మోటారు సైకిలు ఇంజను మీద పలకలు పలకలుగా ఉండి గాలికి ఎలా చల్లారుతుందో ఇదీ అంతే. అయితే వెనక మూసిన పెట్టెలో ఉంటుంది కాబట్టి దానికి గాలి కొట్టడానికి పెద్ద ఫ్యాను అమర్చారు. గాలితో చల్లారే ఈ పద్ధతిని 1990ల చివరి దాకా ఆ కంపెనీ వదలలేదు.

ఇంజను వెనక ఉండడంలో ఒక చిక్కు ఉంది. బండికి వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేస్తుందని, బండి తోలే రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ కారుదీ అదే బాధ. మలుపులో వేగంగా తిప్పితే వెనక భాగం పక్కకు ఈడ్చుకుపోయేది. మొదటి రోజుల్లో ముందు బంపరు లోపల ఇనుప దిమ్మలు బిగించి సరిపెట్టారు. ఇంతటి ఇంజనీర్లు చివరికి చేసింది, బండి ముందుకు ఒక మూట జరిపినట్టే! తర్వాత 1968లో వెనక చక్రాలను కొంచెం వెనక్కు జరిపి చక్రాల మధ్య దూరం పెంచారు. ఎంత పెంచారంటే 57 మిల్లీమీటర్లు. మన కథలోని కారు నంబరూ 57 కావడం కేవలం కాకతాళీయం.

ఒక్క సున్న తెచ్చిన తగువు

కారు అమ్మకానికి తయారవుతున్న సమయంలో పేరు దగ్గర పేచీ వచ్చింది. 1964 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో 901ని చూసి ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ అభ్యంతరం తెలిపింది. మధ్యలో సున్న ఉన్న మూడంకెల పేర్లు మావి, ఫ్రాన్సులో ఇతరులు పెట్టుకోరాదన్నది వారి వాదన. 1929లో వచ్చిన 201 మొదలుకొని ప్యూజో వారు తమ కార్లకు అలాంటి పేర్లే పెడుతూ వచ్చిన మాట నిజం.

పోర్షె వారు గొడవకు దిగలేదు. మధ్య సున్న తీసి ఒకటి పెట్టారు. 1964 నవంబరు నుంచి 901 కాస్తా 911 అయింది. ఈనాటికీ ఆ కారు ఆ పేరుతోనే తయారవుతున్నది. విడిభాగాల నంబర్లు మాత్రం ఆ తర్వాత కూడా చాలా కాలం 901తోనే మొదలయ్యాయి. పెళ్లయి ఇంటి పేరు మారినా పుట్టింట్లో పాత పేరుతోనే పిలిచినట్టు!

పేరు మారేలోపు 901గా తయారైన కార్లు 82 మాత్రమే. మన కథ అంతా ఈ 82 మీదే ఆధారపడి ఉంది. తర్వాతి కాలంలో లక్షల్లో తయారైన ఒక కారుకు ఇవి మొదటి కాన్పు వంటివి. అయినా 2014 వరకు స్టుట్‌గార్ట్‌లోని పోర్షె సొంత ప్రదర్శనశాలలో వీటిలో ఒక్కటి కూడా లేకపోవడం గమనార్హం. చేసిన వారికి ఆనాడు దాచుకోవాలని తోచలేదు. వారికి అది అమ్ముకోవలసిన సరుకు. అటకమీది తాటాకు గ్రంథాల విలువ మనవళ్ల నాటికి గానీ తెలియనట్టే ఇదీ.

బయట తిరిగిన వాటిని తుప్పు మింగింది. ఆనాటి కారు బాడీకి వాడింది ఉత్త ఉక్కు రేకు. నీళ్ల బకెట్టుకు ఉండే జింకు పూత వంటిది ఈ కార్ల రేకుకు 1970ల మధ్యలో గానీ రాలేదు. దానికి తోడు ఆ దేశంలో చలికాలం రోడ్ల మీద మంచు గడ్డ కట్టకుండా ఉప్పు చల్లుతారు. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు ఏమవుతాయో సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లవారికి తెలుసు. అక్కడ ఉప్పునీళ్లు నేరుగా కారు అడుగుభాగానికే కొట్టుకుంటాయి.

ఛాసిస్ నంబరు చెప్పిన నిజం

ఇక 2014కు వద్దాం. జర్మనీ టెలివిజన్‌లో ఒక కార్యక్రమం ఉంది. ఇళ్లలో, అటకల మీద, కొట్టాలలో ఏళ్ల తరబడి పేరుకున్న పాత సామాన్లను ఏరి, ఏది పనికివస్తుందో ఏది రాదో చూసి, అమ్మిపెట్టడానికి ఆ బృందం సాయం చేస్తుంది. వారు బ్రాండెన్‌బర్గ్‌లోని ఒక కొట్టానికి వెళ్లినప్పుడు పాత సామాన్ల నడుమ రెండు పోర్షె 911 కార్లు కనిపించాయి. ఒకటి బంగారు రంగుది, రెండోది ఎర్రది. వాటి విలువ ఎంత ఉంటుందో తెలుసుకుందామని వారు పోర్షె ప్రదర్శనశాలకు కబురు చేశారు.

ప్రదర్శనశాల వారు మొదట అడిగింది ఛాసిస్ నంబర్లు. పొలానికి సర్వే నంబరు ఎలాంటిదో మోటారు బండికి ఛాసిస్ నంబరు అలాంటిది. రంగు మార్చవచ్చు, ఇంజను మార్చవచ్చు, చేతులు పది మారవచ్చు. ఆ నంబరు మాత్రం బండి ఫలానా రోజుల్లో ఫలానా విధంగా పుట్టిందని కర్మాగారం దస్త్రాల్లో సాక్ష్యం చెబుతుంది. బంగారు రంగు కారు 1968 నాటి 911 ఎల్ రకం అని తేలింది. అది కూడా పాతదే గానీ అరుదైనది కాదు. ఎర్రకారు నంబరు 300057. పాత దస్త్రాలతో సరిచూస్తే ఆ కారు 1964 అక్టోబరులో, అంటే పేరు మారడానికి ముందే, తయారైందని బయటపడింది. అంటే ఇది 911 కాదు, 901. ఆ 82లో ఒకటి.

ఇక్కడ ఒక సంగతి ఆగి చెప్పుకోవాలి. ఆ క్షణంలో దాని అసలు విలువ తెలిసినది కొనేవారికి మాత్రమే. పాత ఇనుముకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తామని చెప్పి బండి ఎక్కించుకుపోయినా అడిగేవారు లేరు. ప్రదర్శనశాల వారు అలా చేయలేదు. తమకు సంబంధం లేని నిపుణుడిని పిలిపించి రెండు కార్లకూ ధర కట్టించారు. ఆయన కట్టినది బంగారు రంగు కారుకు 14,500 యూరోలు, ఎర్రకారుకు 1,07,000 యూరోలు. అంత సొమ్మూ చెల్లించి రెండింటినీ స్టుట్‌గార్ట్‌కు తీసుకుపోయారు. బంగారు రంగుది కాస్త మెరుగైన స్థితిలోనే ఉన్నా, మడ్‌గార్డులు లేని ఎర్రదానికి దానికన్నా ఏడు రెట్లకు పైగా ధర పలికింది. తేడా అంతా పుట్టిన నెలలో ఉంది.

ఈ సందర్భంగా సొంత విషయం ఒకటి రాయక తప్పదు. మా తాతగారి నాటి ర్యాలీ సైకిలు మా వసారాలో ఏళ్ల తరబడి ఉండేది. లైటు, డైనమో, హ్యాండిలు మీద ఇత్తడి గంట అన్నీ ఉండేవి. ఒక ఎండాకాలం నేను ఊళ్లో లేనప్పుడు పాత సామాన్లవాడు వస్తే ఇంట్లో వాళ్లు తూకానికి వేసేశారు. గంటను కూడా ఇనుము లెక్కలోనే తూచాడట! ఇత్తడికి వేరే ధర ఉంటుందని చెప్పవలసిన బాధ్యత తనకు లేదని అతను అనుకుని ఉంటాడు. కొన్నవాడే విలువ చెప్పి కొన్న సంగతి చదివినప్పుడు నాకు ముందు గుర్తుకు వచ్చింది ఆ గంటే.

బాగుచేయడమా, కొత్తది చేయడమా

కారు కర్మాగారానికి చేరింది. అసలు పరీక్ష అక్కడ మొదలైంది. పోర్షె కంపెనీకి డబ్బుకు కొదవ లేదు, యంత్రాలకు కొదవ లేదు. కావాలనుకుంటే పాత నమూనాల ప్రకారం కొత్త రేకులు కొట్టించి, కొత్త ఇంజను బిగించి, నిగనిగలాడే కారు ఏడాదిలోపే నిలబెట్టవచ్చు. కానీ అప్పుడు అది 1964 నాటి కారు అవుతుందా? అన్నీ కొత్తవే అయినప్పుడు పాతది అనడానికి మిగిలేది ఆ నంబరు ఒక్కటే. గొడ్డలికి మొదట కామ, తర్వాత తల మార్చి, ఇది మా తాతది అని చెప్పుకున్నట్టు ఉంటుంది.

అందుకని వారు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పాతదానిలో నిలబెట్టగలిగినది ముక్క అయినా సరే నిలబెట్టాలి. మార్చడం చివరి మాట కావాలి. మార్చక తప్పనిచోట కూడా కొత్త రేకు కాక, ఆ కాలం నాటి రేకే వాడాలి.

ముందుగా కారును పూర్తిగా విప్పారు. వట్టి బాడీని రసాయనాల తొట్టిలో ముంచారు. పాత రంగు, అతుకులకు పూసిన బంకలు, తుప్పు అన్నీ అందులో కరిగిపోయాయి. మిగిలింది ఉక్కు మాత్రమే. ఇలా ముంచడానికి ధైర్యం కావాలి. రంగు, తుప్పు కలిసి పట్టుకుని ఉన్నంత సేపు రేకు ఉన్నట్టే కనిపిస్తుంది. తొట్టిలోంచి తీశాకనే ఎంత ఉందో, ఎంత లేదో తెలుస్తుంది. మన షెడ్లలో తరచుగా జరిగేది దీనికి తలకిందులు. తుప్పు మీద పుట్టీ పెట్టి, గీకి, రంగు కొట్టి ఇస్తారు. రెండు వానాకాలాలు పోయేసరికి పొక్కు లేచి పుట్టీ బిళ్లలుగా రాలుతుంది. పని చేసేవారిని అనడానికి లేదు. బండి యజమాని ఇచ్చే డబ్బుకు, ఇచ్చే రెండు రోజుల గడువుకు అయ్యే పని అంతే.

ఇక్కడ బాడీ టింకరింగ్ పనికే దాదాపు 12 నెలలు పట్టింది. తుప్పు తిన్నచోట కోసివేసి, దాదాపు అదే కాలం నాటి మరో కారు నుంచి తీసిన అసలు భాగాలు తెచ్చి అతికారు. పోయిన భాగాలకూ అదే మార్గం. చెప్పడానికి సులువే గానీ, 50 ఏళ్ల కిందటి రేకును 50 ఏళ్ల కిందటి రేకుకు అతకడం వెల్డింగ్ చేసే వారికి ప్రాణసంకటం. రెండూ పలచబడి ఉంటాయి. వేడి కాస్త ఎక్కువైతే చిల్లి పడుతుంది. పైగా ఆ రోజుల్లో తలుపు, బానెట్టు వంటివి ఒక్కో కారుకు చేత్తో సర్ది బిగించినవి. ఒక కారు భాగం మరో కారుకు పెడితే పట్టాలని లేదు. అణువణువూ సరిచూసుకుంటూ పోవలసిందే.

బాడీ నిలబడిన తర్వాత దానికి కొత్త కార్లకు వేసే తుప్పు నిరోధక పూత వేశారు. విద్యుత్తు సాయంతో, తొట్టిలో ముంచి వేసే పూత అది. పెట్టె సందుల్లోకి, బ్రష్షు పోని చోట్లకు కూడా చేరుతుంది. దాని మీద ప్రైమరు, ఆ మీద పుట్టినప్పటి ఎర్ర రంగు. పాత రేకే వాడాలని పట్టుబట్టినవారు పూత దగ్గర మాత్రం ఈనాటి పద్ధతిని ఒప్పుకున్నారు. నా వరకు ఇది సబబే అనిపిస్తుంది. ఆనాటి పూతే వేసి ఉంటే, ఆనాటి తుప్పే మళ్లీ వచ్చేది.

ఇంజను, గేరు బాక్సు, కరెంటు తీగలు, సీట్లు, లోపలి సామాను అన్నిటికీ ఇదే సూత్రం. మార్చేకన్నా మరమ్మతు చేయడం. అన్నీ కలిసి మూడేళ్లు పట్టింది.

నీళ్లలోంచి తీసి అలాగే ఉంచినది

పాత బండిని ఇలా తీర్చిదిద్దడమే తప్పనే వారు కూడా ఉన్నారు. తుప్పు కూడా చరిత్రే అన్నది వారి మాట. వారికి దారి చూపిన కారు ఒకటి ఉంది. స్విట్జర్లాండు, ఇటలీ దేశాల మధ్య మజియోరె అనే పెద్ద సరస్సు ఉంది. 1925 నాటి బుగట్టి రకం 22 స్పోర్ట్స్ కారు ఒకటి 1930లలో ఆ సరస్సులో మునిగి, 70 ఏళ్లకు పైగా అడుగున పడి ఉంది. 2009లో స్థానిక ఈతగాళ్ల సంఘం వారు దాన్ని పైకి తీశారు. దాడిలో ప్రాణం కోల్పోయిన స్థానిక యువకుడి పేరిట ఏర్పడిన సేవాసంస్థకు నిధి సమకూర్చడం వారి ఉద్దేశం. 2010 జనవరిలో పారిస్‌లో వేలం వేస్తే 2,60,500 యూరోలు పలికింది. ఒక పక్క రేకు పూర్తిగా తినేసిన ఆ కారును కొన్న అమెరికా ప్రదర్శనశాల వారు ఒక్క మేకు కూడా కొట్టకుండా, నీళ్లలోంచి వచ్చినది వచ్చినట్టే జనానికి చూపించారు.

రెండు పద్ధతులకూ న్యాయం ఉంది. సరస్సు కారు కథ దాని తుప్పులోనే ఉంది. తుడిచేస్తే అది వందలాది బుగట్టిలలో మరొకటి. ఎర్రకారు కథ వేరు. అది కొట్టంలో పడి ఉండడం గొప్ప కాదు. 1964లో కర్మాగారం గేటు దాటినప్పుడు ఎలా ఉన్నదన్నదే దాని గొప్ప. దాన్ని చేసిన కర్మాగారమే దాన్ని మళ్లీ ఆ రూపానికి తేవడం మనసుకు నచ్చుతుంది. పాత కర్మాగారాలు మూతపడి, నమూనాలు తుక్కుకు పోయి, చేసిన చేతుల జాడ తెలియకుండా పోవడమే లోకంలో ఎక్కువ. అందుకే ఈ అవకాశం చాలా బండ్లకు దొరకదు.

911 కారు ఈ మధ్యకాలంలో చేసిన ఘనకార్యాలు రాస్తే పేజీ చాలదు. 1968లో మోంటి కార్లో ర్యాలీ గెలిచింది. దాని రూపాంతరం 1984లో పారిస్ నుంచి ఆఫ్రికా ఎడారులు దాటి డాకర్ దాకా సాగే పందెం నెగ్గింది. 2017 మే 11న పది లక్షలవ 911 కారు జుఫెన్‌హౌజెన్ కర్మాగారం నుంచి బయటికి వచ్చింది. అది ఆకుపచ్చ రంగుది.

అదే ఏడాది డిసెంబరు 14న 57 నంబరు ఎర్రకారును స్టుట్‌గార్ట్ ప్రదర్శనశాలలో జనం ముందు నిలబెట్టారు. 2018 ఏప్రిల్ దాకా దానికోసమే ప్రత్యేక ప్రదర్శన జరిగింది. ఆ ప్రదర్శనశాలలో ఉన్న 911 కార్లన్నిటిలోనూ వయసులో పెద్దది అదే.